పిడుగురాళ్ళ సున్నంతో యూరప్ పాఠం

పదో తరగతి సాంఘిక శాస్త్రంలో చరిత్ర భాగం తెరవగానే యూరప్‌లో జాతీయవాదం పాఠం వస్తుంది. అది మొదలయ్యేది ఒక బొమ్మతో. 1848లో ఫ్రెడరిక్ సోరియు అనే ఫ్రెంచి చిత్రకారుడు తయారుచేసిన నాలుగు చిత్రాల్లో ఇది మొదటిది. యూరప్, అమెరికా జనం ఆడా మగా, పిల్లా పెద్దా బారులు తీరి స్వేచ్ఛాదేవి విగ్రహం ముందు నుంచి నడిచిపోతుంటారు. మన బళ్ళలో చాలాచోట్ల ఆ బొమ్మకు దక్కేది అర నిమిషం. ‘బొమ్మ సంగతి తర్వాత, కింద అండర్‌లైన్ చేసుకోండి’ అంటారు. చిత్రకారుడి పేరు, సంవత్సరం బిట్లలోకి వెళ్ళిపోతాయి. పరీక్షలో ఒక మార్కు తెచ్చిపెట్టి, వేసవి సెలవులకల్లా బుర్రలోంచి జారిపోతాయి.

ఆ అర నిమిషాన్ని ఒక పీరియడుగా మార్చుకోవడం ఎలాగన్నదే ఈ అధ్యాయం. మాచర్ల పక్క ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పే టీచరమ్మకీ, నరసరావుపేటలో గది అద్దెకు తీసుకుని సివిల్స్‌కు చదివే కుర్రాడికీ ఇద్దరికీ పనికొస్తుంది. సివిల్స్ మెయిన్స్ జనరల్ స్టడీస్ మొదటి పేపర్లో 18వ శతాబ్దం నుంచి ప్రపంచ చరిత్ర ఉంది కదా, ఆ కుర్రాడికి తప్పేది కాదు.

నేను చెప్పేది ఒక్కటే. యూరప్ చరిత్రను రాజుల వరస, యుద్ధాల వరసతో మొదలుపెట్టకండి. ఎవరో చేయించిన ఒక వస్తువు దగ్గర ఆగండి. అది బొమ్మ కావచ్చు, గోడ కావచ్చు, పాట, గుడి, నాణెం ఏదైనా కావచ్చు. దాన్ని మూడు ప్రశ్నలు అడగండి. దీనికి డబ్బెవరు పెట్టారు? ఎవరు చూడాలని చేయించారు? ఇందులో ఎవరు కనపడటం లేదు? సంవత్సరాలను తర్వాత తగిలించుకోవచ్చు. తగిలించడానికి కొయ్య ఉండాలి గదా ముందు!

సోరియు బొమ్మనే తీసుకుందాం. వివరణ ఉన్న పేరాను కాగితంతో కప్పించి, ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా చూడమనండి. తర్వాత జెండాల సంగతి అడగండి. ముందు వరసలో అమెరికా, స్విట్జర్లాండ్ ఉంటాయి, అవి విగ్రహాన్ని దాటిపోతున్నాయి. మూడు రంగుల జెండాతో ఫ్రాన్స్ అప్పుడే విగ్రహం దగ్గరికి చేరుతోంది. దాని వెనక నలుపు, ఎరుపు, బంగారు రంగుల జెండాతో జర్మన్లు. ఇక్కడ ఆగాలి. 1848లో జర్మనీ అనే దేశమే లేదు. అది ఏర్పడింది 1871లో. మరి లేని దేశానికి జెండా ఎక్కడిది? ఈ ప్రశ్న పిల్లల నోటి నుంచే రావాలి. వచ్చేదాకా మీరు నోరు కట్టుకోండి, అదే కష్టం. వచ్చిందా, సగం పాఠం అయినట్టే. చిత్రకారుడు గీసింది జరిగినదాన్ని కాదు, జరగాలని జనం కోరుకున్నదాన్ని. జాతీయవాదం అంటే ఏమిటో నిర్వచనం రాయించకుండానే పిల్లలకు అందుతుంది.

ఆ తర్వాత మూడో ప్రశ్న. ఈ ఊరేగింపులో ఎవరు లేరు? ఆసియా లేదు, ఆఫ్రికా లేదు. అదే 1848 జనవరిలో డల్హౌసీ గవర్నర్ జనరల్‌గా మన దేశంలో దిగాడు. పల్నాడు అప్పటికే కంపెనీ ఏలుబడిలో ఉంది. ప్రపంచ ప్రజలందరి స్వేచ్ఛ అన్న కలలో గురజాల రైతుకు చోటు లేదు. పిల్లలకు ఇది కోపంగా కాకుండా ఒక కొలతగా అర్థమయ్యేట్టు చెప్పండి. ఏ ఆదర్శం ఎంతదాకా చాచుకుందో కొలవడం చరిత్ర విద్యార్థి పని.

ఇదే పాఠంలో ఆంటన్ ఫాన్ వెర్నర్ వేసిన ఇంకో బొమ్మ ఉంది. 1871 జనవరి 18న వెర్సాయ్ అద్దాల మందిరంలో జర్మన్ సామ్రాజ్య ప్రకటన. రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టించండి. మొదటిదాంట్లో ఆడవాళ్ళున్నారు, పిల్లలున్నారు, అన్ని వర్గాల వాళ్ళూ ఉన్నారు. రెండోదాంట్లో యూనిఫాంలు, బూట్లు, ఎత్తిన కత్తులు. జర్మనీ ఏకమైంది జనం ఊరేగింపుతో కాదు, ప్రష్యా సైన్యంతో అన్న నాలుగు మార్కుల జవాబు ఆ రెండు బొమ్మల మధ్య ఖాళీలో ఉంది. వెర్నర్ ఇదే దృశ్యాన్ని ఒకటికి రెండుసార్లు మార్చి వేశాడు. ఇప్పుడు మనకు మిగిలిన 1885 నాటి చిత్రంలో బిస్మార్క్ తెల్లటి యూనిఫాంలో మెరిసిపోతుంటాడు. ఆ రోజు అతను వేసుకున్నది నీలం. గుంపులో అందరి కళ్ళూ అతని మీదే పడాలని చిత్రకారుడు చేసిన పని అది. మన ఫ్లెక్సీల కాలం పిల్లలకు దీన్ని వేరే విడమరచి చెప్పక్కర్లేదు.

ఒక పొరపాటు మాత్రం ముందే ఆపండి. బ్యానర్ల మీదా, పుస్తకాల అట్టల మీదా తరచూ కనిపించే దెలక్రా బొమ్మ ఒకటుంది. చేత జెండా పట్టుకుని శవాల మీదుగా నడిచే స్త్రీ. అది 1789 ఫ్రెంచి విప్లవం కాదు, 1830 జూలై విప్లవం. కోచింగ్ నోట్సుల్లో కూడా ఈ తప్పు తిరుగుతూ ఉంటుంది.

ఇక సున్నం దగ్గరికి వద్దాం. ఈ అధ్యాయంలో నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే.

సాంస్కృతిక పునరుజ్జీవనం పాఠంలో మైకెలాంజెలో పేరు రాని పుస్తకం లేదు. రోములో సిస్టీన్ ప్రార్థనామందిరం పైకప్పు, 1508 నుంచి 1512 దాకా. అది ఫ్రెస్కో. ఫ్రెస్కో అంటే కుడ్యచిత్రం అని రాసి వదిలేస్తారు. గోడమీద వేసిన ప్రతిదీ ఫ్రెస్కో కాదు. తడి ఆరని సున్నపు గార మీద, నీళ్ళలో కలిపిన రంగుతో వేస్తేనే ఫ్రెస్కో. ఇది తెలియాలంటే ఇటలీ పోనక్కర్లేదు. పిడుగురాళ్ళ సున్నం బట్టీల మధ్య పుట్టిన పిల్లలకు తెలిసిన విద్య ఇందులో సగం. సున్నపురాయిని కాలిస్తే రాయి సున్నం. నీళ్ళు పోస్తే కుతకుతలాడి, వేడెక్కి, విరిగి పొడి అవుతుంది. ఆ సున్నం పూసిన గోడ గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మళ్ళీ సున్నపురాయి అవుతుంది. పదో తరగతి సైన్సు పుస్తకం మొదటి పాఠంలోనే ఈ సమీకరణాలున్నాయి. వెల్ల వేసిన రెండు మూడు రోజులకు గోడ మెరుపెక్కడం ఎందుకో అక్కడే రాశారు. సోషల్ టీచరూ సైన్సు టీచరూ స్టాఫ్‌రూములో ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. ఒక్క పీరియడు కలిపి చెప్పండి.

తడి గార రాయిగా మారేటప్పుడు తన పైనున్న రంగును పట్టుకుని లోపల బిగించేసుకుంటుంది. అందుకే అది 500 ఏళ్ళయినా నిలిచింది. కానీ గార ఆరిపోయిందంటే పని అయిపోయినట్టే. ఏ రోజు ఎంత బొమ్మ వేయగలరో అంత గారే పూసుకోవాలి. ఆ రోజు ముక్కకూ మర్నాటి ముక్కకూ మధ్య అతుకులు ఇప్పటికీ పసిగట్టవచ్చు. వాటిని బట్టి ఏ భాగం ఎన్ని రోజుల పనో పండితులు లెక్కగడతారు. మైకెలాంజెలో మొదట్లో వేసిన ముక్కకు బూజు పట్టింది, గారలో తడి ఎక్కువై. అతను శిల్పి, గోడ పని అలవాటు లేనివాడు. పోప్ రెండో జూలియస్ పట్టుబట్టి ఒప్పించాడు. పడుకుని వేశాడని అందరూ చెబుతారు గాని, నిలబడే వేశాడు, మెడ వెనక్కి విరుచుకుని.

ఇప్పుడు తరగతిలో చేయాల్సిన పని. నాలుగు ఇటుకలు, మేస్త్రి దగ్గర చల్లార్చి నానబెట్టిన సున్నం ముద్ద, సన్నగా జల్లించిన ఇసుక, జేగురు, బొగ్గు పొడి, పసుపు. రాయి సున్నంలో పిల్లల చేత నీళ్ళు పోయించకండి. అది ఎగజిమ్మి కళ్ళలో పడితే చూపు పోతుంది. చల్లార్చిన సున్నమైనా చేతులకు గ్లౌజులు, కళ్ళకు అద్దాలు ఉండాలి. ఇటుకను నీళ్ళలో నానబెట్టి, ఒక వంతు సున్నానికి రెండు వంతుల ఇసుక కలిపి గార పూయండి. కాస్త బిగుసుకున్నాక, ఇంకా తడిగా ఉండగానే, సగం ఇటుక మీద జేగురుతో బొమ్మ వేయించండి. మిగతా సగాన్ని వదిలేసి, వారం తర్వాత పూర్తిగా ఆరాక అదే రంగుతో వేయించండి. ఇంకో వారం ఆగి, తడిగుడ్డతో రుద్దమనండి. తడి మీద వేసింది ఉంటుంది. పొడి మీద వేసింది గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది.

పసుపుతో వేసిన పిల్ల మాత్రం మొదటిరోజే గగ్గోలు పెడుతుంది. పసుపు సున్నం తగలగానే ఎర్రబడుతుంది గదా. తిట్టకండి, ఆ పిల్లకే ఎక్కువ తెలిసింది. సున్నానికి తట్టుకునే రంగులే ఫ్రెస్కోకు పనికొస్తాయి, అవి ఎక్కువగా మట్టి రంగులు. అజురైట్ లాంటి నీలాలను చాలాసార్లు గార ఆరాక జిగురుతో అంటించేవాళ్ళు. అందుకే పాత ఇటలీ గోడల మీద దుస్తుల నీలం రాలిపోయి, కింద బూడిదరంగు బయటపడి ఉంటుంది.

ఇంత చేశాక లియొనార్డో దా విన్చి ‘చివరి భోజనం’ గురించి చెప్పండి. మిలాన్‌లో 1495, 1498 మధ్య వేశాడు. అతనికి తొందరపడటం ఇష్టం లేదు. ఒక ముఖం గురించి రోజుల తరబడి ఆలోచించే మనిషి, తడి గారతో పోటీ పడలేడు. పొడి గోడ మీద తనదైన పద్ధతిలో వేశాడు. 20 ఏళ్ళు తిరిగేసరికి పాడవడం మొదలైంది. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు రాసే మావాళ్ళందరూ లియొనార్డో నోటుపుస్తకాలను తెగ పొగుడుతారు. ఈ గోడ సంగతి ఎత్తరు. ఇటుక రుద్ది చూసిన పిల్లలకు అతని గొప్పతనమూ అర్థమవుతుంది, చేసిన పనికి కట్టిన వెలా అర్థమవుతుంది.

మొదటి ప్రశ్న ఇంకా మిగిలి ఉంది. డబ్బెవరిది? అక్కడి నుంచి కథ తిన్నగా మన జిల్లాకు వస్తుంది.

పైకప్పు వేయించిన రెండో జూలియస్సే 1506లో సెయింట్ పీటర్స్ చర్చిని పడగొట్టి కొత్తది కట్టడం మొదలుపెట్టాడు. అంత పెద్ద కట్టడానికి డబ్బు చాలలేదు. తర్వాత వచ్చిన పదో లియో కాలంలో ఆ నిధి కోసం పాపపరిహార పత్రాల అమ్మకం సాగింది. జర్మనీలో వసూలైన దాంట్లో సగం రోముకు పోతే, తక్కిన సగం మైంజ్ ఆర్చిబిషప్ తన పదవి కోసం ఫగ్గర్ వ్యాపారుల దగ్గర చేసిన అప్పు తీర్చడానికి పోయింది. దీని మీద మండిపడి 1517లో మార్టిన్ లూథర్ 95 వాదాంశాలు రాశాడు. పునరుజ్జీవనం ఒక పాఠం, మత సంస్కరణ ఇంకో పాఠం అని వేరువేరుగా చదివిన పిల్లవాడికి, ఒకే ఖర్చు చిట్టాలో రెండూ ఉన్నాయని తెలిస్తే పదేళ్ళయినా మరిచిపోడు.

లూథర్ పల్నాడుకు ఎలా వచ్చాడు? రైల్లో వెళ్ళేవాళ్ళకు తెలుసు, నడికుడి దాటాక మాచర్ల దారిలో గురజాల, రెంటచింతల స్టేషన్లు వస్తాయి. జర్మనీలో హెల్మ్‌స్టెట్‌లో 1793లో పుట్టి, కుర్రతనంలో అమెరికా చేరి, 1842లో గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్. ఆయన 1840ల చివర్లో గురజాల వచ్చి మిషన్ పెట్టాడు. ఫాదర్ హయ్యర్ అంటే గుంటూరు, పల్నాడు లూథరన్లకు ఇప్పటికీ ఇంటిపెద్ద పేరులాంటిది. రెంటచింతల మాత్రం కథోలికుల ఊరు. మన జనం భాషలో ఆర్‌సీఎం. రెండు ఊళ్ళకూ మధ్య బస్సులో పోయేంత దూరం. 16వ శతాబ్దపు యూరప్‌ను రెండుగా చీల్చిన తగువుకు రెండు వైపులూ ఈ దూరంలోనే దొరుకుతాయి.

పెద్దల అనుమతి తీసుకుని, పూజ లేని వేళ, పిల్లల్ని రెండు చోట్లకూ తీసుకువెళ్ళండి. చూడవలసినవి ముందే చెప్పి పంపండి. కథోలిక దేవాలయంలో మరియమాత, పునీతుల స్వరూపాలు, వాటి ముందు కొవ్వొత్తులు, పాపసంకీర్తనం చేసే చోటు. లూథరన్ చర్చిలో బలిపీఠం ఉంటుంది, శిలువ ఉంటుంది. కానీ కళ్ళూ చెవులూ ఎక్కువగా పోయేది ప్రసంగ వేదిక మీదికి, కీర్తనల పుస్తకం మీదికి. లూథర్ జనం తమ భాషలో పాడుకోవడానికి తనే కీర్తనలు రాశాడు, కొత్త నిబంధనను 1522లో జర్మన్‌లో అచ్చు వేయించాడు. చదవడం రానివాళ్ళ కోసం అతని మిత్రుడు లూకస్ క్రానాక్ చెక్క అచ్చులతో బొమ్మలు వేశాడు. పోపును ఎద్దేవా చేసే ఆ బొమ్మలు జర్మనీ అంతా తిరిగాయి. ఎవరు ఒప్పు అన్న మాట తరగతిలో రానివ్వకండి. అడిగితే, ఆ ప్రశ్నకు మార్కులు లేవని నవ్వి ఊరుకోండి.

ఇంకో పని ఉంది, దీనికి తొందరపడాలి. రెండో వాటికన్ మహాసభ 1962 నుంచి 1965 దాకా జరిగింది. అంతకు ముందు కథోలిక పూజ లాటిన్‌లో సాగేది. రెంటచింతల, ఫిరంగిపురం లాంటి ఊళ్ళలో 70 దాటిన అవ్వలు, తాతలు చిన్నప్పుడు ఆ లాటిన్ పూజ విన్నవాళ్ళే. ‘అవ్వా, అప్పుడు నీకు ఏం అర్థమయ్యేది? అర్థం కాకపోయినా ఎందుకు బాగుండేది?’ అని అడిగి ఫోన్లో రికార్డు చేయించండి. లూథర్ తన భాష కోసం ఎందుకు అంత పట్టుబట్టాడో, లాటిన్‌ను వదులుకోవడం కొందరికి ఎందుకు బాధనిపించిందో, రెండూ ఒకే ముసలామె నోట వినొచ్చు.

చర్చిల నుంచి ఇప్పుడు పాట దగ్గరికి. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్య మొదలుకుని ఐదు రోజులు పల్నాటి వీరుల ఆరాధన. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. వీరవిద్యావంతులు కథ పాడతారు. యూరప్ పాఠంలో దీనికి పనేమిటంటే, హెర్డర్. జర్మన్ తత్వవేత్త యోహాన్ గాట్‌ఫ్రీడ్ హెర్డర్ 1770ల చివర్లో జానపద గీతాలు సేకరించి అచ్చు వేశాడు. ఒక జాతి ఆత్మ పండితుల పుస్తకాల్లో కాదు, మామూలు జనం పాటల్లో ఉందన్నాడు. గ్రిమ్ సోదరుల కథలు 1812లో వచ్చాయి. ఫిన్లండ్‌లో ఎలియాస్ లోన్‌రోట్ అనే డాక్టరు ఊళ్ళు పట్టి తిరిగి పాటలు ఏరి 1835లో కలెవాలా తెచ్చాడు. అప్పటికి ఫిన్లండ్ రష్యా కింద ఉంది. రాజ్యం లేని జనానికి పుస్తకం రాజ్యంలా నిలబడింది. వీర్లగుడి దగ్గర రాత్రంతా కూర్చున్న పిల్లవాడికి హెర్డర్ చెప్పింది ఒక్క మాటలో అందుతుంది. పల్నాటి వీరుల కథను అలిశెట్టి గాలెయ్య పాడగా విని జీన్ రోఘైర్ అనే అమెరికన్ పండితుడు ఇంగ్లీషులో అనువదించి, 1982లో పుస్తకంగా తెచ్చాడు. హెర్డర్ మొదలుపెట్టిన దారి కారెంపూడి దాకా వచ్చిందన్నమాట.

అయితే ఇక్కడ పోలికల పిచ్చి పట్టుకునే ప్రమాదం ఉంది. ఆ కథలోని బ్రహ్మనాయుడు మన లూథర్ అనీ, చాపకూడే మన ఫ్రెంచి విప్లవం అనీ వేదికల మీద చెబుతుంటారు. చప్పట్లు పడతాయి గాని చరిత్ర రాదు. పల్నాటి యుద్ధం 12వ శతాబ్దం నాటిది. శ్రీనాథుడు ద్విపదలో రాసింది 15వ శతాబ్దంలో. ఈ రోజు పాడేది ఈ రోజుది. చాపకూడు గురించి ఆ కథ చెప్పేది, అన్ని కులాలూ ఒక చాప మీద కూర్చుని తినాలన్న కోరిక తరతరాలుగా పాడేవాళ్ళలోనూ వినేవాళ్ళలోనూ ఎంత బలంగా ఉందో. 12వ శతాబ్దంలో సరిగ్గా ఏం జరిగిందన్నది వేరే ప్రశ్న, దానికి శాసనాలు వెతకాలి. ఫ్రాన్సులో ఇదే తంతు. 778లో పిరనీస్ కొండల్లో చార్లెమేన్ వెనకదళాన్ని కొట్టింది బాస్క్ జనం. 1100 ప్రాంతంలో వచ్చిన రోలాండ్ గీతంలో వాళ్ళు ముస్లిం సైన్యంగా మారిపోయారు. మధ్యలో 300 ఏళ్ళు గడిచాయి, క్రూసేడ్లు మొదలయ్యాయి. ఆ పాట 778 గురించి తక్కువ చెబుతుంది, 1100 గురించి ఎక్కువ చెబుతుంది. రోలాండ్‌ను ఇలా చదవడం నేర్చుకున్నవాడు మన కథను కూడా తక్కువ చేయకుండా, ఎక్కువ చేయకుండా చదవగలడు.

మాచర్ల నుంచి విజయపురి సౌత్ వెళ్ళి లాంచీ ఎక్కితే నాగార్జునకొండ. ఇది పిల్లలంతా ఎటూ విహారయాత్రకు వెళ్ళే చోటే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. మూడో శతాబ్దపు ఇక్ష్వాకుల రాజధానిలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. రాజప్రాసాదం చోట దొరికిన స్తంభాల మీద, చేతిలో కొమ్ము పాత్ర పట్టుకున్న గడ్డపు మనిషి ఉన్నాడు. గ్రీకుల మద్య దేవుడు డయోనిసస్‌తో పండితులు అతన్ని పోల్చారు. సాగర్ నీళ్ళలో మునగకుండా అనుపుకు తరలించి తిరిగి కట్టిన మెట్ల రంగస్థలం గురించి గైడ్లు రోమన్ నమూనా అని ఢంకా బజాయించి చెబుతారు. రోమ్ కొలోసియం అండాకారం. ఇది నలుపలక. పిల్లల చేత రెండింటి కొలతలూ, ఆకారాలూ గీయించి, ‘నమూనా అవునా కాదా, ఎందుకు?’ అని రాయించండి. కచ్చితమైన జవాబు మీ దగ్గర లేకపోయినా ఫరవాలేదు.

అమరావతి కూడా ఇప్పుడు పల్నాడు జిల్లాలోనిదే. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి, 1859లో లండన్‌కు ఓడెక్కాయి. అక్కడ వాటిని ఇలియట్ మార్బుల్స్ అన్నారు, ఎల్గిన్ మార్బుల్స్ వరసలో. అవి పాలరాయి కాదు, పల్నాటి సున్నపురాయే. పార్థినాన్ శిల్పాలను ఎల్గిన్ ప్రభువు ఏథెన్సు నుంచి దించుకుపోతే, 1816లో బ్రిటిష్ పార్లమెంటు కొన్నది. గ్రీసు ఇప్పటికీ తిరిగి అడుగుతోంది. తొమ్మిదో తరగతి పిల్లలకు చర్చ పెట్టడానికి ఇంతకన్నా మంచి అంశం నాకు తెలియదు. ఒక జట్టు ఏథెన్సు తరఫున, ఒక జట్టు మ్యూజియం తరఫున మాట్లాడాలి. సగంలో జట్లు మార్చి, ఏథెన్సు బదులు అమరావతి పెట్టండి. అప్పటిదాకా మ్యూజియాన్ని గట్టిగా సమర్థించినవాడి గొంతు మారుతుందో లేదో గమనించండి.

బొమ్మలు అన్నీ చెప్పవు. డబ్బున్నవాళ్ళు చేయించినవి కాబట్టి డబ్బు లేనివాళ్ళ సంగతి వాటిలో తక్కువ. అందుకే ప్రతి బొమ్మకూ ఒక అంకె జత చేయమంటాను. ఫ్రెంచి విప్లవం దగ్గర దావీద్ వేసిన టెన్నిస్ కోర్టు ప్రతిజ్ఞ బొమ్మ పక్కన, ఫ్రాన్స్ జనాభా 1715లో 2.3 కోట్లు, 1789 నాటికి 2.8 కోట్లు అని రాసుకోండి. తినే నోళ్ళు పెరిగాయి, పంట అంత పెరగలేదు, రొట్టె ధర పెరిగింది. ఉప్పు మీద పన్ను, భూమి మీద పన్ను, ప్రభువులకు మినహాయింపు. ఇదంతా గాలిలో చెప్పినట్టుంటే పుల్లరి గుర్తు చేయండి. అడవిలో పశువులు మేపినందుకు పన్ను కట్టమన్న సర్కారు మీద మించాలపాడు కన్నెగంటి హనుమంతు తిరగబడి, 1922 ఫిబ్రవరిలో తూటాలకు బలయ్యాడు. పన్ను రాజకీయంగా ఎప్పుడు మారుతుందో పల్నాటి రైతు బిడ్డకు మళ్ళీ చెప్పే పని ఉండదు.

టీచరు లేకుండా సొంతంగా చదివేవాళ్ళకు నాలుగు మాటలు. తుమ్మపూడిలో 1914లో పుట్టిన సంజీవ్‌దేవ్‌ది వ్యవసాయ కుటుంబం. ఊళ్ళోనే ఉండి పాశ్చాత్య చిత్రకళ గురించి తెలుగులో జీవితమంతా రాశాడు. ఆయన కాలంలో మంచి రంగుల ప్రింటు చూడాలంటే పుస్తకం పోస్టులో రావాలి. మీ జేబులో ఫోను ఉంది. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం తన బొమ్మలను ఉచితంగా ఇస్తోంది. రెంబ్రాంట్ 1642లో వేసిన ‘నైట్ వాచ్’ను కుంచె గీత కనపడేంత దగ్గరికి లాగి చూడొచ్చు. వారానికి ఒక్క వస్తువే పెట్టుకోండి. మొదటి రోజు ఏమీ చదవకుండా చూసి, కనిపించింది తెలుగులో ఒక పేజీ రాయండి. ఇంగ్లీషులో రాయబోతే చూడటం ఆగిపోయి స్పెల్లింగు మొదలవుతుంది. రెండో రోజు మూడు ప్రశ్నలకు జవాబులు వెతకండి. మూడో రోజు ఆ వస్తువు పుట్టడానికి 50 ఏళ్ళు ముందు, 50 ఏళ్ళు తర్వాత ఏం జరిగిందో తేదీలతో రాయండి. ఆ పేజీ మెయిన్స్ జవాబుకు నేరుగా పనికొస్తుంది. రెంబ్రాంట్ బొమ్మలో ఉన్నది రాజూ కాదు, పునీతుడూ కాదు. చందాలు వేసుకుని తమ బొమ్మ వేయించుకున్న పట్టణ దళం వాళ్ళు. డచ్చి వర్తక రిపబ్లిక్ గురించి రాసే జవాబును ఈ వాక్యంతో మొదలుపెట్టినవాడిని, ‘17వ శతాబ్దంలో నెదర్లాండ్స్ వాణిజ్యపరంగా అభివృద్ధి చెందింది’ అని మొదలుపెట్టినవాడితో పోల్చుకోండి. పేపర్లు దిద్దే మనిషి మధ్యాహ్నం మూడింటికి ఎవరిది ఆసక్తిగా చదువుతాడో మీకే తెలుస్తుంది.

హెడ్మాస్టరు గారు ‘సిలబస్ ఎప్పుడు పూర్తి చేస్తారు?’ అని అడుగుతారు. అడగాలి కూడా. అందుకని అన్ని పాఠాలకూ ఇలా చేయకండి, చేయలేరు. ఏడాదికి నాలుగు వస్తువులు చాలు. జూన్‌లో సోరియు బొమ్మ, దసరా సెలవులకు ముందు ఇటుక, కార్తీకంలో కారెంపూడి, సంక్రాంతి తర్వాత రెండు చర్చిలు. మిగతావి మామూలుగానే వేగంగా చెప్పేయండి. పిల్లలు ఆ నాలుగింటి దగ్గర నేర్చిన ప్రశ్నలను తక్కిన పాఠాల మీద వాళ్ళే ప్రయోగిస్తారు. ఫిబ్రవరి రివిజన్లో పుస్తకంలోని బొమ్మలు మాత్రం బోర్డు మీద పెట్టి, బిట్లు మీరు ఇవ్వకుండా, ప్రశ్నపత్రం వాళ్ళనే తయారుచేయమనండి. సగం ప్రశ్నలు పాత పేపర్లలో ఉన్నవే వస్తాయి. తక్కిన సగానికి జవాబుల కోసం మీరు సాయంత్రం లైబ్రరీకి వెళ్ళాల్సి ఉంటుంది.